తెర మీద కనబడని కొట్టివేత



రెండేళ్ల కిందట కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి ఒక రైతు మా ఇంటికి వచ్చాడు. అరవై దాటిన మనిషి. చంకలో ప్లాస్టిక్ కవరు. అందులో పాతకాలపు పట్టాదారు పాసుపుస్తకం, అంచులు చినిగిన శిస్తు రసీదులు, వాటి మీద మీసేవలో కొత్తగా తీయించిన ఒక తెల్లకాగితం. అది వన్-బీ, భూమి ఎవరి ఖాతాలో ఉందో చూపే రికార్డు. దాన్ని నా ముందు పెట్టి, "సార్, చేను యాడికీ పోలేదు. పోయిన వానలకు గూడా నేనే బుడ్డలేసినా. కంప్యూటర్లో మాత్రం నా పేరు పోయినాది" అన్నాడు.

కాగితం చూశాను. ఆయన నాలుగెకరాల మెట్ట వేరేవాళ్ల ఖాతాలో ఉంది. ఎప్పటి నుంచి ఇట్లా ఉంది పెద్దాయనా అంటే తెలీదన్నాడు. ఎవరు మార్చారో తెలీదు. ఏ కాగితం చూసి, ఎవరి సంతకంతో మార్చారో తెలీదు. ఆఫీసుకు ఎన్నిసార్లు పోయినా తెర ఇటు తిప్పి, "ఇదిగో, ఇందులో ఇట్లే ఉంది" అని చూపించి పంపించారట.

ఎప్పుడు మారింది, ఎవరు మార్చారు, ఏ ఉత్తర్వు మీద మార్చారు. ఈ మూడు ప్రశ్నలకూ జవాబు చెప్పే బాధ్యత ప్రభుత్వానికి ఉందా? ఉందనే నేను నమ్ముతున్నాను. ఎందుకు నమ్ముతున్నానో, చట్టంలో ఏ మాటలు చూసి నమ్ముతున్నానో ఈ పూట మీతో చెబుతాను. కాగితం, కలం దగ్గర పెట్టుకుంటే మంచిది. కొన్ని నంబర్లు రాసుకోవలసి వస్తుంది.

ముందు పాత అడంగల్ సంగతి, అంటే ఊరి భూముల సాగు లెక్క సంగతి, చెప్పాలి. కరణం రాసే అడంగల్‌లో ఒకరి పేరు తీసి ఇంకొకరి పేరు రాయాలంటే పాత పేరు మీద గీత కొట్టాలి. పక్కన కొత్త పేరు రాయాలి. ఏ ఉత్తర్వు ప్రకారం మార్చారో అంచున రాసి, పొట్టి సంతకం చేయాలి. గీత కొట్టినా కింద పాత పేరు కనబడుతూనే ఉంటుంది. సిరా తేడా కనబడుతుంది, చేతిరాత తేడా కనబడుతుంది. కొట్టివేసిన చోట ఉత్తర్వు నంబరు లేకపోతే ఆ లోటే సాక్ష్యం. కంప్యూటర్ తెర మీద ఆ గీత ఉండదు. పాత పేరు ఉండిందన్న గుర్తు కూడా ఉండదు. కొత్త పేరు మొదటి నుంచీ అక్కడే ఉన్నట్టు కనిపిస్తుంది. మార్పు జరిగిన తేదీ, ఏ లాగిన్ నుంచి జరిగింది అన్న వివరాలు తెర వెనక, అధికారికి తప్ప ఇంకెవరికీ కనబడని చోట ఉంటాయి.

మన రాయలసీమ రైతు పేరు సర్కారు పుస్తకంలోకి ఎక్కి రెండు వందల ఏళ్లు దాటింది. 1800లో నిజాం ఈ జిల్లాలను ఇంగ్లీషు వాళ్లకు దత్తం చేశాక, ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో ఏడేళ్లు ఇక్కడ ఉన్నాడు. చేను చేనూ కొలిపించి, పేరు పేరునా రైతుల జాబితా రాయించి రైతువారీ పద్ధతిని నిలబెట్టాడు. తరవాత మద్రాసు గవర్నరై, చివరిసారి ఈ ప్రాంతం చూడటానికి వచ్చి, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. ఆయన వేయించిన శిస్తు బరువు గురించి వేరే రోజు మాట్లాడుకోవచ్చు. ఈ రోజుకు మనకు కావలసింది ఒకటే. జమీందారు మధ్యలో లేకుండా రైతు పేరు నేరుగా సర్కారు లెక్కలోకి వచ్చింది. ఆ లెక్క కవిలెకట్టగా కరణం ఇంట్లో ఉండేది. కవిలెలో ఏముందో కరణానికి తెలుసు, ఊళ్లో ఇంకెవరికీ తెలీదు. 1984 జనవరిలో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. కవిలెకట్టలు ఆఫీసు బీరువాల్లోకి చేరాయి. 1998 నవంబరులో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల్లో కార్డ్ పేరుతో కంప్యూటర్లు పెట్టారు. ఆ తరవాత భూమి రికార్డులకు వెబ్‌ల్యాండ్ వచ్చింది, దాన్ని మనం చూసుకోవడానికి 2015లో మీభూమి వచ్చింది. కవిలెకట్ట ఇప్పుడు సర్వర్‌లో ఉంది.

మంచే జరిగింది. అది కాదనను. పత్తికొండలో ఉన్న రైతు ఆదోనికి బస్సెక్కకుండా సెల్‌ఫోన్‌లో తన సర్వే నంబరు చూసుకోగలుగుతున్నాడు. అయితే చూసేది ఈ రోజు స్థితి మాత్రమే. నిన్న ఏముండేదో, ఎందుకు మారిందో తెర చెప్పదు. దానికే సమాచార హక్కు చట్టం కావలసి వస్తుంది.

మా ఇంటికి వచ్చిన ఆ రైతు పేరుతో తహసీల్దార్ ఆఫీసుకు ఒక దరఖాస్తు రాసిచ్చాను. ఇరవై ఎనిమిదో రోజున జవాబు వచ్చింది. మూడు వాక్యాలు. మొదటిది, వన్-బీ మీభూమిలో ఉంది చూసుకోవచ్చు. రెండోది, వెబ్‌ల్యాండ్ సర్వర్ మా ఆఫీసులో లేదు, కాబట్టి మార్పుల వివరం మా దగ్గర లేదు. మూడోది, మీరడిగిన వివరం తయారుచేసి ఇవ్వాల్సి ఉంటుంది, చట్టప్రకారం సమాచారాన్ని సృష్టించి ఇవ్వనవసరం లేదు. రాయలసీమలోనే కాదు, ఎక్కడ కంప్యూటర్ రికార్డు అడిగినా దాదాపు ఈ మూడు జవాబులే వస్తాయి. అందుకే ఒక్కొక్కదాన్నీ విప్పి చూద్దాం.

సమాచార హక్కు చట్టం 2005 అక్టోబరు 12 నుంచి పూర్తిగా అమల్లో ఉంది. అందులో సెక్షన్ 2 మూడు మాటలకు అర్థం చెబుతుంది. రాసుకోండి. 2(ఎఫ్) సమాచారం అంటే ఏమిటో చెబుతుంది. ఏ రూపంలో ఉన్నా సరే, రికార్డులు, పత్రాలు, ఈ-మెయిళ్లు, ఉత్తర్వులు, లాగ్ బుక్కులు, ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్న డేటా, అన్నీ సమాచారమే. 2(ఐ) రికార్డు అంటే ఏమిటో చెబుతుంది. ఫైలు, రాతప్రతి, మైక్రోఫిల్మ్ అని వరసగా చెప్పి, చివర కంప్యూటర్ గానీ మరే పరికరం గానీ తయారుచేసిన ఏ సామగ్రి అయినా రికార్డే అంటుంది. ఈ చివరి మాట కొత్తది కూడా కాదు. కేంద్ర ప్రభుత్వ రికార్డులను కాపాడటానికి 1993లో చేసిన పబ్లిక్ రికార్డుల చట్టంలోనే అది ఉంది. ఇక 2(జె) మనకున్న హక్కు ఏమిటో చెబుతుంది. చూసుకునే హక్కు, రాసుకునే హక్కు, ధ్రువీకరించిన నకలు పొందే హక్కు, ఆ తరవాత నాలుగో అంశంగా డిస్కెట్, ఫ్లాపీ, టేపు, వీడియో క్యాసెట్ లేదా మరే ఎలక్ట్రానిక్ విధంగానైనా, లేదా ప్రింటు తీసి పొందే హక్కు.

ఫ్లాపీలు, క్యాసెట్లు ఇప్పుడు ఎవరి ఇంట్లోనూ లేవు. చట్టం రాసినవాళ్లు ఆ పేర్లతో ఆగలేదు. మరే ఎలక్ట్రానిక్ విధంగానైనా అని తలుపు తెరిచి పెట్టారు. పెన్‌డ్రైవ్ అయినా, ఈ-మెయిల్ అయినా ఆ మాట కిందికే వస్తుంది. మన రాష్ట్రం 2005లోనే రుసుం నియమాలు చేసింది. ఊరి స్థాయి ఆఫీసులో దరఖాస్తుకు రుసుం లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు. ఆపైన 10 రూపాయలు. నకలుకు పేజీకి 2 రూపాయలు, సీడీకి 100 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లు ఏమీ కట్టనవసరం లేదు. సీడీకి ధర పెట్టారంటేనే అర్థం చేసుకోవచ్చు, కంప్యూటర్‌లో ఉన్నది కంప్యూటర్ రూపంలోనే ఇవ్వవలసి వస్తుందని మన ప్రభుత్వానికి మొదటి నుంచీ తెలుసు.

ఇప్పుడు ఆ మూడు జవాబుల దగ్గరికి వద్దాం.

మీభూమిలో ఉంది, చూసుకోండి అన్నది. ఇది సగం జవాబు. మీభూమి ప్రింటు ఈ రోజు పరిస్థితి చెబుతుంది. రైతు అడిగింది నిన్నటి సంగతి. ఆయనకు కావలసింది ఫసలీ వారీగా అడంగల్. మన పక్క పెద్దలకు ఫసలీ లెక్క చెప్పక్కర్లేదు, పిల్లలకోసం చెబుతున్నాను. జూలై ఒకటిన ఫసలీ మొదలవుతుంది. ఆ ఏటి సంవత్సరంలోంచి 590 తీసేస్తే ఫసలీ వస్తుంది. 2015 జూలై నుంచి 2016 జూన్ దాకా ఫసలీ 1425. ఏ ఫసలీలో తన పేరు ఉందో, ఏ ఫసలీలో లేదో పక్కపక్కన పెట్టి చూసుకుంటే మార్పు ఏ ఏట జరిగిందో రైతుకే తేలుతుంది. పైగా వెబ్‌సైట్‌లో ఉండటం వేరు, అధికారి ధ్రువీకరించి ఇవ్వడం వేరు. కోర్టులో పనికొచ్చేది రెండోదే. కంప్యూటర్ నుంచి తీసిన కాగితం సాక్ష్యంగా నిలవాలంటే దానికి ధ్రువపత్రం జోడించాలి. పాత సాక్ష్య చట్టంలో అది 65బీ. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో సెక్షన్ 63.

సర్వర్ మా దగ్గర లేదు అన్నది రెండో జవాబు. సర్వర్ మండల ఆఫీసులో లేని మాట నిజమే. భూపరిపాలన చీఫ్ కమిషనర్ ఆఫీసు పర్యవేక్షణలో ఉండేది అది. అయినా సెక్షన్ 2(జె) ఏమంటుంది? ప్రభుత్వ సంస్థ దగ్గర ఉన్నది అని మాత్రమే అనదు, దాని అధీనంలో ఉన్నది అని కూడా అంటుంది. మ్యుటేషన్, అంటే రికార్డులో పేరు మార్పు, చేసేది తహసీల్దార్. ఆయన డిజిటల్ సంతకం లేకుండా వెబ్‌ల్యాండ్‌లో పట్టాదారు పేరు మారదు. తాను మార్చగలిగిన రికార్డు తన అధీనంలో లేదని చెప్పడం ఎట్లా కుదురుతుంది? ఒకవేళ నిజంగానే ఆ వివరం పై ఆఫీసులో ఉందనుకుందాం. అప్పుడు సెక్షన్ 6(3) ఉంది. దరఖాస్తును ఐదు రోజుల్లో ఆ ఆఫీసుకు బదిలీ చేసి, ఆ సంగతి మనకు తెలియజేయాలి. రైతును అమరావతికి తిరగమనడానికి వీల్లేదు. సెక్షన్ 5(4), 5(5) ఇంకో మాట కూడా చెబుతాయి. సమాచార అధికారి ఏ ఉద్యోగి సాయమైనా కోరవచ్చు. కోరితే ఆ ఉద్యోగి సాయం చేసి తీరాలి. చేయకపోతే జరిమానాకు ఆ ఉద్యోగే బాధ్యుడు. కంప్యూటర్ ముందు కూర్చునే సాంకేతిక నిపుణుడికీ ఇది వర్తిస్తుంది.

మూడో జవాబు అన్నిటికన్నా బరువైనది. దాని దగ్గర కాసేపు ఆగాలి.

సమాచారాన్ని సృష్టించి ఇవ్వనవసరం లేదు అన్న మాటకు వెనక సుప్రీంకోర్టు తీర్పు ఉంది. 2011లో సీబీఎస్ఈకి, ఆదిత్య బందోపాధ్యాయ అనే విద్యార్థికి మధ్య నడిచిన కేసు. ఆ తీర్పు విద్యార్థికే మేలు చేసింది. దిద్దిన జవాబు పత్రం చూసుకునే హక్కు అతనికుందని చెప్పింది. అందులోనే కోర్టు ఒక హద్దు కూడా గీసింది. ఉన్న సమాచారం ఇవ్వాలి. ఏ చట్టం ప్రకారమూ ఉంచనవసరం లేని, రికార్డులో లేని సమాచారాన్ని పోగుచేసి, క్రోడీకరించి ఇవ్వనవసరం లేదు అని. ఈ హద్దు న్యాయమైనదే. రేపు నేను పోయి, జిల్లాలో ఎర్రనేల రైతులు ఎందరు, నల్లరేగడి రైతులు ఎందరు, వాళ్లలో అప్పుల పాలైన వాళ్లు ఎందరు అని అడిగితే ఆఫీసు పని మానుకొని నాకోసం సర్వే చేయలేరు.

కాగితం కాలంలో ఈ హద్దు ఎక్కడుందో చూడగానే తెలిసేది. వంద రిజిస్టర్లు తిరగేసి కొత్త పట్టిక రాయడం సృష్టించడం. ఉన్న రిజిస్టరులో పేజీ నకలు తీయడం ఉన్నది ఇవ్వడం. కంప్యూటర్ వచ్చాక ఆ గీత జరిగింది. డేటాబేస్‌లో పేజీలు ఉండవు. మనం చూసే ప్రతి వన్-బీ, ప్రతి అడంగల్ అడిగిన క్షణాన సర్వర్ ఏరి, కూర్చి, తెర మీద పెట్టినదే. మీసేవలో సర్వే నంబరు కొట్టి ప్రింటు నొక్కినప్పుడు కూడా కంప్యూటర్ అదే పని చేస్తోంది. వన్-బీ ఇవ్వడం సృష్టించడం కాదనుకుంటే, అదే సర్వర్ నుంచి అదే సర్వే నంబరు మీద జరిగిన మార్పుల చరిత్ర ఇవ్వడం సృష్టించడం ఎట్లా అవుతుంది? అది అక్కడ ఉంది. మార్పు చేసిన క్షణాన నమోదైంది. నొక్కే మీట వేరు, అంతే.

ఈ చిక్కు మనకొక్కరికే రాలేదు. ప్రభుత్వ పత్రాలు చూసే హక్కును 1766లోనే చట్టం చేసిన స్వీడన్ కంప్యూటర్లు వచ్చాక దీని గురించి లోతుగా ఆలోచించింది. రోజువారీ మామూలు పనితో తీసివ్వగలిగిన సంకలనం అయితే అది అప్పటికే ఆఫీసులో ఉన్న పత్రం కిందే లెక్క అని తమ చట్టంలో రాసుకుంది. అమెరికా 1996లో తమ సమాచార చట్టాన్ని సవరించి, రికార్డు వెతకడమంటే చేతితో వెతకడమే కాదు కంప్యూటర్‌తో వెతకడం కూడా అని చెప్పింది. అడిగినవాడు కోరిన రూపంలో తేలిగ్గా ఇవ్వగలిగితే ఆ రూపంలోనే ఇవ్వాలని కూడా చెప్పింది. మన చట్టంలో స్వీడన్ రాసుకున్నంత తేటగా లేదు. కానీ 2(ఐ)లోని మాట, కంప్యూటర్ తయారుచేసిన ఏ సామగ్రి అయినా అన్న మాట, అదే దారి చూపిస్తోందని నా అభిప్రాయం. తయారుచేసిన అని చట్టమే అంటున్నప్పుడు, తయారుచేయాల్సి వస్తుంది కాబట్టి ఇవ్వం అనడం ఆ మాటను కొట్టివేయడమే.

ఆదిత్య బందోపాధ్యాయ తీర్పులోనే ఇంకో సగం ఉంది, దాన్ని చదవకుండా వదిలేస్తారు. ఏ చట్టం ప్రకారమూ ఉంచనవసరం లేని సమాచారం గురించే కోర్టు ఆ హద్దు పెట్టింది. భూమి హక్కుల రికార్డు అట్లాంటిది కాదు. 1971 నాటి భూమి హక్కులు, పట్టాదారు పాసుపుస్తకాల చట్టం ప్రకారం అది ఉండి తీరవలసిన రికార్డు. ఆ చట్టంలో సెక్షన్ 5(3) చూడండి. రికార్డులో పేరు మార్చే ముందు, అందులో పేరున్నవాళ్లకు, ఆ మార్పు వల్ల నష్టపోయేవాళ్లకు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఊరి చావిడిలో కాగితం అంటించి, అందరికీ తెలిసింది అంటే చాలదు, ఆ మనిషికి నేరుగా నోటీసు అందాలి అని 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పూర్తి ధర్మాసనం చిన్నం పాండురంగం కేసులో తేల్చి చెప్పింది. నోటీసు ఇవ్వాలి, విచారణ చేయాలి, ఉత్తర్వు రాయాలి. అంటే ప్రతి మార్పు వెనక కనీసం మూడు కాగితాలు ఉండాలి. వాటిని అడిగితే సృష్టించమని అడిగినట్టు కాదు. చట్టం ఉంచమన్నవి చూపించమని అడిగినట్టు.

నాలుగో సాకు ఒకటి తరచు వినబడుతుంది, మా రైతుకు రాలేదు గానీ చెబుతాను. మీరడిగిన రూపంలో ఇస్తే మా సిబ్బంది సమయమంతా దానికే పోతుంది, సెక్షన్ 7(9) ప్రకారం తిరస్కరిస్తున్నాం అంటారు. 7(9) అట్లా చెప్పదు. మామూలుగా అడిగిన రూపంలోనే ఇవ్వాలి. దానివల్ల ఆఫీసు వనరులు మితిమీరి పక్కదారి పట్టినా, రికార్డుకు ముప్పు వచ్చినా ఆ రూపంలో ఇవ్వనవసరం లేదు అని మాత్రమే చెబుతుంది. అంటే వేరే రూపంలో ఇవ్వాలి. సీడీ కుదరకపోతే ప్రింటు, ప్రింటు కుదరకపోతే వచ్చి చూసుకొమ్మని పిలుపు. ఇవ్వకుండా ఉండటానికి అది దారి కాదని 2010లో ట్రీసా ఐరిష్ కేసులో కేరళ హైకోర్టు విడమరిచి చెప్పింది.

రూపం దగ్గర మనకు ఎదురుదెబ్బ కూడా ఉంది, దాచిపెట్టను. 2018లో కమల్‌నాథ్ కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. ఓటర్ల జాబితాను బొమ్మ రూపంలో ఉన్న పీడీఎఫ్‌గా ఇస్తున్నారు, అందులో పేరు వెతకడానికి వీల్లేదు, వెతకగలిగే అక్షర రూపంలో ఇప్పించండి అని అడిగారు. కోర్టు ఒప్పుకోలేదు. కావలసినవాళ్లు స్వయంగా శ్రమపడి అక్షర రూపంలోకి మార్చుకోవచ్చని చెప్పింది. అది ఎన్నికల సంఘం మాన్యువల్ మీద నడిచిన వాదన, సమాచార హక్కు చట్టం 7(9) మీద కాదు. అయినా ఆ ధోరణి నన్ను కలవరపెట్టింది. వేల పేజీల జాబితాను వెతకలేని బొమ్మగా ఇస్తే, ఆ జాబితా పేదవాడికి ఇచ్చినట్టా, ఇవ్వనట్టా?

భూమి ఒక్కటే కాదు. ఈ-క్రాప్ సంగతి చూడండి. మీరు శనక్కాయ వేశారా, పత్తి వేశారా, ఎన్ని సెంట్లు, సొంతమా కౌలా అన్నది రైతు సేవా కేంద్రంలో నమోదవుతుంది. కరువు పడితే ఇన్‌పుట్ సబ్సిడీ, పంట పోతే బీమా ఆ నమోదు మీదే ఆధారపడతాయి. ఆలూరు పక్కన, పులివెందుల పక్కన ఎన్నో ఊళ్లలో కౌలుకు సాగుచేసేది ఒకరు, రికార్డులో ఉండేది ఇంకొకరు. పంట ఎండిపోయాక జాబితాలో పేరు లేదని తెలిస్తే చేయగలిగింది తక్కువ. నమోదు జరిగిన వారంలోనే మీ పంట నమోదు నకలు అడిగి తీసుకోండి. బీమా కంపెనీ ప్రైవేటుది కదా అంటారు. వ్యవసాయ శాఖ చట్టప్రకారం ఆ కంపెనీ నుంచి తెప్పించుకోగల వివరం ఏదైనా 2(ఎఫ్) కింద సమాచారమే. శాఖను అడగండి.

ఉపాధి హామీ రోజులు గుర్తు తెచ్చుకుంటే నాకు ధైర్యం వస్తుంది. 2006లో మొదటి విడతలో కడప జిల్లాకు, మరుసటి ఏడు కర్నూలు జిల్లాకు ఆ పథకం వచ్చింది. మస్టర్లు, చెల్లింపులు కంప్యూటర్‌లో పెట్టారు. అక్కడితో ఆగకుండా సామాజిక తనిఖీ పేరుతో ఆ కంప్యూటర్ లెక్కను ప్రింటు తీసి, ఊళ్లోకి తెచ్చి, రచ్చబండ దగ్గర గట్టిగా చదివించారు. ఫలానా అమ్మ పద్నాలుగు రోజులు పనిచేసింది, ఇంత డబ్బు అందింది అని చదివితే, ఆ అమ్మ అక్కడే లేచి నిలబడి నేను ఆరు రోజులే పోయినా, నాకు వచ్చింది ఇంతే అని చెప్పేది. చదువు రాని మనిషి కంప్యూటర్ రికార్డును తనిఖీ చేసింది. ప్రభుత్వ రికార్డును జనం ముందు పెట్టడమంటే నాకు అర్థమైన రూపం అది. సెక్షన్ 4 కోరేదీ అదే. ఎవరూ అడగకముందే ప్రకటించాలి, రికార్డులను వర్గీకరించి, సూచికలు తయారుచేసి, వీలైనవన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి జనానికి అందుబాటులో పెట్టాలి, స్థానిక భాషలో ఉండాలి.

ఇక్కడ ఒక కొత్త ఇబ్బంది వచ్చిపడింది. సెక్షన్ 8(1)(జె) వ్యక్తిగత సమాచారానికి సంబంధించింది. పాత చట్టంలో, ప్రజా కార్యకలాపంతో సంబంధం లేని వ్యక్తిగత వివరం, లేదా ఒకరి ఏకాంతానికి అకారణంగా భంగం కలిగించే వివరం ఇవ్వనవసరం లేదు అని ఉండేది. పార్లమెంటుకు, శాసనసభకు నిరాకరించలేనిది పౌరుడికీ నిరాకరించకూడదు అన్న వాక్యం కూడా ఉండేది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆ సెక్షన్‌ను మార్చింది. 2025 నవంబరులో ఆ మార్పు అమల్లోకి వచ్చింది. ఇప్పుడు వ్యక్తిగత సమాచారానికి సంబంధించింది అన్న ఒక్క మాట మిగిలింది. అడంగల్‌లో ఉండేది పేర్లే. ఉపాధి మస్టర్‌లో ఉండేది పేర్లే. పేరు వ్యక్తిగతం అనుకుంటే ఏ రికార్డూ మిగలదు.

అయితే ఏకాంతం గురించిన భయం ఒట్టిదని నేను అనను. బీరువాలో చెల్లాచెదురుగా ఉన్న వంద కాగితాలు ఒక మనిషికి చేయలేని కీడు, వాటిని ఒకచోట కూర్చిన కంప్యూటర్ ఫైలు చేయగలదు. అమెరికా సుప్రీంకోర్టు 1989లోనే ఒక కేసులో ఈ మాట గుర్తించింది. మన ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, ఫోన్ నంబరు ఊరందరికీ తెలియాల్సిన పని లేదు. దానికి చట్టంలోనే సెక్షన్ 10 ఉంది. ఇవ్వకూడని భాగం మీద నల్లగీత కొట్టి మిగతాది ఇవ్వాలి. 8(2) కూడా చెక్కుచెదరలేదు. దాచడం వల్ల కాపాడే ప్రయోజనం కన్నా ప్రజా ప్రయోజనం పెద్దదైతే ఇవ్వవచ్చు. సబ్సిడీ పథకాల లబ్ధిదారుల వివరాలు ప్రకటించమనే 4(1)(బి)(12) కూడా అట్లాగే ఉంది. వ్యక్తిగతం అని తిరస్కరిస్తే ఈ మూడు నంబర్లూ ఉటంకించి అప్పీలు చేయండి. సొంత పేరు మీద రికార్డు అడిగేటప్పుడైతే 8(1)(జె) ఎత్తడానికే వీల్లేదు. ఎవరి రహస్యం ఎవరి నుంచి కాపాడుతున్నట్టు?

దరఖాస్తు ఎట్లా రాయాలో చెబుతాను. ఎందుకు అడుగుతున్నారో రాయొద్దు, అడిగే హక్కు వాళ్లకు లేదు, 6(2) చూడండి. ప్రశ్నలు వేయొద్దు. నా పేరు ఎందుకు తీసేశారు అని రాస్తే, కారణాలు చెప్పే బాధ్యత మాది కాదని జవాబు వస్తుంది. కాగితం అడగండి. ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబరుకు ఫలానా ఫసలీ నుంచి ఈనాటి దాకా అడంగల్, వన్-బీ ధ్రువీకరించిన నకళ్లు. ఆ కాలంలో పట్టాదారు పేరు మార్చిన ఉత్తర్వు నకలు, దాని నోట్ ఫైలుతో సహా. 1971 చట్టం సెక్షన్ 5(3) కింద ఇచ్చిన నోటీసు, అది అందినట్టు సంతకం ఉన్న రసీదు. మ్యుటేషన్ కోసం మీసేవలో వచ్చిన దరఖాస్తు, దానికి జతపరిచిన పత్రాలు. ఆ సర్వే నంబరు మీద వెబ్‌ల్యాండ్‌లో జరిగిన మార్పుల నమోదు: తేదీ, సమయం, మార్చిన లాగిన్ ఏ హోదాదో, మార్పుకు ముందు ఏముంది, తరవాత ఏముంది. ఇవి మీ ఆఫీసులో లేకపోతే 6(3) కింద బదిలీ చేయండి అని చివర ఒక వాక్యం. రసీదు లేకుండా ఆఫీసు గడప దాటొద్దు, లేదా స్పీడ్ పోస్టులో పంపండి.

ముప్పై రోజులు ఆగండి. జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, ఆ తరవాతి ముప్పై రోజుల్లో 19(1) కింద మొదటి అప్పీలు. అక్కడా కాకపోతే తొంభై రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. అప్పీలులో ఇవ్వకపోవడం సరైనదే అని రుజువు చేసుకోవాల్సింది అధికారి, మీరు కాదు, అది 19(5). ఒక్కటి మాత్రం ఆలస్యం చేయొద్దు. కంప్యూటర్ నమోదులు కాగితం లాగా ముప్పై ఏళ్లు మూలన పడి ఉండవు. కొన్నాళ్లకు పాతవాటి మీద కొత్తవి వచ్చి పడవచ్చు. దరఖాస్తు అందాక అడిగిన సమాచారాన్ని నాశనం చేస్తే సెక్షన్ 20 కింద రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా ఉంది. దరఖాస్తు పడిన రోజు నుంచే ఆ రికార్డుకు కాపలా మొదలవుతుంది.

మా రైతు మొదటి అప్పీలు వేశాడు. విచారణకు నేనూ పోయాను. అప్పీలు అధికారి ఓపికగా విన్నారు, ఆ మాట చెప్పకపోతే తప్పు. మూడు వారాల తరవాత కాగితాలు వచ్చాయి. అడంగల్ నకళ్లు వచ్చాయి. పేరు ఏ ఫసలీలో మారిందో తేలింది. మార్పు నమోదైన తేదీ, సమయం, లాగిన్ హోదా వచ్చాయి. నోటీసు నకలు అడిగిన చోట, ఆఫీసు రికార్డులలో లభ్యం కాలేదు అని రాసి సంతకం పెట్టారు. ఉత్తర్వు నకలు అడిగిన చోటా అదే మాట.

ఆ రెండు వాక్యాలు చదివి వినిపించినప్పుడు ఆయన నిరుత్సాహపడ్డాడు. "లేదని రాసిచ్చినారు గదా సార్, ఇంకేం చేస్తాం" అన్నాడు. లేదని సంతకం పెట్టి ఇచ్చిన ఆ కాగితమే ఆయన చేతిలోకి వచ్చిన గట్టి సాక్ష్యమని విడమరిచి చెప్పడానికి ఆ సాయంత్రమంతా పట్టింది. నోటీసు లేకుండా, ఉత్తర్వు లేకుండా పేరు మారిందని ఆఫీసే రాసిచ్చినట్టయింది. దాన్ని జతచేసి ఆర్డీవో దగ్గర 1971 చట్టం సెక్షన్ 5(5) కింద అప్పీలు వేశాం. గడువు అరవై రోజులు. మార్పు సంగతే తనకు తెలియనివ్వలేదు కాబట్టి ఆలస్యాన్ని మన్నించమని ఆ కాగితమే ఆధారంగా అడిగాం. ఆ అప్పీలు ఇంకా విచారణలో ఉంది. మొన్న ఆయన ఫోన్ చేసి తన చెల్లెలి సర్వే నంబరు చెప్పాడు, దరఖాస్తు రాయమని. ఆమెది కడప జిల్లా, బద్వేలు దగ్గర ఊరు. ఆమె పేరు ఇంకా వన్-బీలోనే ఉంది. ఉండగానే నకలు తీసి పెట్టుకుంటానంది.